మన మెట్టచేల పప్పుధాన్యములు



మాంసకృత్తు అను మాట చెవిని బడగానే శాకాహారులైన వృద్ధులు కొందఱు మొగము చిట్లించుకొందురు. ముందు మాంసశబ్ద ముండుటచేత, అది మాంసమునందు మాత్రమే దొరకు వస్తువని వారి తలంపు. ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పిన నాకు ఈ సమాసమును పలుమారులు విడదీసి చూపవలసి వచ్చినది. కుంభమును చేయువాడు కుంభకారుడైనట్లు, మాంసమును చేయునది మాంసకృత్తు. అనగా దేహమునందు కండను కూర్చునది. ఎక్కడనుండి వచ్చినదో ఈ మాట చెప్పుట లేదు. వచ్చి యేమి చేయునో చెప్పుచున్నది. బిడ్డ యెదుగుట, గాయము మానుట, రోగమును తట్టుకొనుట, ముసలితనమున కాలు తడబడక నిలుచుట, ఇవి యన్నియు దాని పనులే. పాలలోను, పప్పులోను, నువ్వులలోను, జొన్నలోను అది కలదు.

ఇప్పుడు నేను చెప్పబూనినది చరిత్ర. మాంసము ముట్టనివారును, ముట్టదలచినను కొనజాలనివారును, అమరావతి చుట్టుపట్ల నున్న ఈ నల్లరేగడి మెట్టలలో తరతరములుగా దీనిని ఎట్లు సంపాదించుకొనిరి? ఒక్క పప్పువలన కాదు, ఒక్క పంటవలన కాదు. పలువిధములైన గింజల పొత్తువలన అని నా సమాధానము. ఆ పొత్తు ఎట్లు కూడినదో, ఎందుచేత సడలినదో, మరల కూర్చుకొనుట మన చేతిలో ఎంతవఱకు కలదో మనవి చేసెదను.

శాకాహారము మన దేశమున రెండు విధములు. వ్రతముచేత వచ్చిన దొకటి, లేమిచేత వచ్చిన దొకటి. బ్రాహ్మణులు, వైశ్యులు, వీరశైవులు మొదలగువారిది మొదటిది. కూలినాలి చేసికొని బ్రతుకు కుటుంబములలో పెక్కింటిది రెండవది. వారు పండుగకో పబ్బమునకో మాంసము వండుకొని, తక్కిన దినములు కారపు మెతుకులతో గడపుదురు. పేరునకు మాంసాహారులే, కంచము చూచినచో శాకాహారులే. మొదటివారి యింట తఱచుగా పాడి యుండెను. రెండవవారికి అదియు లేకుండెను. కావున ఈ చరిత్ర యొక వర్ణపు వంటయింటి కథ గాదు, ఊరందఱి కథ.

మన పూర్వులు ఈ విషయమై యొక పట్టికను మనకు విడిచిపోయిరి. అది నవధాన్యములు. గోధుమలు, వడ్లు, కందులు, పెసలు, సెనగలు, బొబ్బర్లు, నువ్వులు, మినుములు, ఉలవలు. గ్రహశాంతికి పొట్లములు కట్టించుచున్నాము. పెండ్లిలో పాలికలయందు మొలకెత్తించుచున్నాము. కాని యెన్నడైన వేళ్లు మడిచి లెక్కించితిమా? తొమ్మిదింటిలో వడ్లు, గోధుమలు రెండే తృణధాన్యములు. నువ్వు నూనెగింజ. మిగిలిన ఆఱును కాయలో పండు పప్పుధాన్యములే. చరకసంహితయందు ధాన్యములను శూకధాన్యములు, శమీధాన్యములు అని విభజించిరి. ముల్లుగల కంకిలో పండునవి శూకధాన్యములు. కాయలో పండునవి శమీధాన్యములు. వీనిలో పెసలు శ్రేష్ఠములని, మినుములు అరుగుటకు బరువైనను బలకరములని వైద్యశాస్త్రము చెప్పినది. పూజాద్రవ్యముగా మనము భావించు ఈ తొమ్మిది గింజలును వాస్తవమునకు ఒక సంపూర్ణమైన భోజనపు పట్టిక.

ఈ గింజలన్నియు ఒక్కచోట పుట్టినవి కావు. ఉలవలు, పెసలు మన దక్షిణాపథమున మిక్కిలి ప్రాచీనములైన పంటలు. బళ్లారి ప్రాంతమున సంగనకల్లు, తెక్కలకోట మున్నగు నవీనశిలాయుగపు గ్రామముల త్రవ్వకములలో సుమారు నాలుగువేల యేండ్లనాటి మాడిన గింజలు దొరికినవి. అందు ఉలవలును, పెసలును, చిరుధాన్యములును ముఖ్యములు. వరిసాగు ఈ మెట్టలకు రాకముందే మన పూర్వులు కొండలప్రక్క ఎడ్లను కాచుకొనుచు ఉలవలు తినిరి. కంది పుట్టినిల్లు మనకు ఈశాన్యముననున్న ఒడిశా, బస్తరు అడవుల ప్రాంతమని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. మినుమును ఈ దేశపు గింజయే. సెనగ మాత్రము పశ్చిమాసియానుండి, నేటి తుర్కీ దేశపు ప్రాంతమునుండి వచ్చినది. బొబ్బర్లు, అనుములు ఆఫ్రికాఖండమునుండి వచ్చినవి. మన జొన్నయు అచ్చటిదే. వేరుసెనగ దక్షిణ అమెరికాలో పుట్టి, పోర్చుగీసువారు సముద్రమార్గములు తెఱచిన తరువాత మనకు చేరినది. మనకు కారము నేర్పిన మిరపయు ఆ త్రోవనే వచ్చినది. ఊరికి వచ్చిన అతిథి నాలుగు తరములు గడచిన పిమ్మట ఊరివాడే యగునట్లు, ఈ గింజలన్నియు మనవైపోయినవి.

అమరావతి ప్రక్కనున్న ధరణికోట ప్రాచీననామము ధాన్యకటకము. పేరులోనే ధాన్యము కలదు. క్రీస్తుశకము ఏడవ శతాబ్దమున ఇచ్చటికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు ఈ దేశపు నేల సారవంతమనియు, పంటలు సమృద్ధములనియు వ్రాసెను. ఇచ్చటి మహాస్తూపమునకు రాళ్లు చెక్కించి యిచ్చినవారిలో గృహపతులు, వర్తకులు మాత్రమేగాక తోలుపని చేయువాడొకడును కలడని శాసనములు చెప్పుచున్నవి. ఇందఱి చేతను దానములు చేయించినది ఈ నేల పంటయే.

మధ్యయుగములకు వచ్చినచో, పలనాటిని గూర్చి శ్రీనాథుని పేర వాడుకలోనున్న చాటువులు జొన్నకూటిని ఎగతాళి చేసినవి. సన్నబియ్యపు అన్నమున కలవాటుపడిన కవి నాలుక కది రుచింపలేదు కాబోలు. కాని నేటి లెక్కలు చూచినచో, నూఱు గ్రాముల బియ్యములో మాంసకృత్తు ఏడు గ్రాములకు లోపే. జొన్నలో పది గ్రాములకు మించి కలదు. కవిసార్వభౌముడు పరిహసించిన కూడు ఆయన మెచ్చిన కూటికంటె కండ నిచ్చునదే. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు వానకాలమున అతిథులకు పెట్టిన విందునందు పొట్టు తీసిన పప్పు, వడియములు, పెరుగు, నెయ్యి చేరియున్నవి. కూరగాయలు కరవైన ఋతువున పప్పును, ఎండబెట్టి దాచుకొన్న వడియములును ఆదుకొనునని ఆనాటి గృహస్థు ఎఱిగియుండెను.

ఇక ఈ పొత్తులోని రహస్యము. మాంసకృత్తు ఒక్క పదార్థము గాదు. ఇరువది రకముల పూసలు గ్రుచ్చిన దండవంటిది. ఆ పూసలకు అమైనో ఆమ్లములని పేరు. అందు తొమ్మిదింటిని పెద్దవారి దేహము తనంత తాను చేసికొనజాలదు, అన్నమునుండియే తెచ్చుకొనవలెను. బియ్యమునందును జొన్నయందును లైసిన్ అను పూస తక్కువ. పప్పులలో అది పుష్కలము. కాని మెథియొనిన్ అను పూస తక్కువ. అది బియ్యమునందు కొంత, నువ్వులయందు మిక్కిలిగాను కలదు. కాడికి ఒకవైపు ఒక యెద్దే యున్నచో బండి ప్రక్కకు లాగుకొనిపోవును. జోడు కుదిరినచో సాగిపోవును. అన్నము, పప్పు అట్టి జోడెడ్లు. బియ్యము, పెసరపప్పు కలిసినది పులగము. బియ్యము, మినపపప్పు కలిపి రుబ్బి పులియబెట్టినది అట్టు. జొన్నరొట్టె ప్రక్కన పప్పుకూర, అన్నములో నువ్వులపొడి. ఈ జోళ్లను పరిశోధనశాలలు కనిపెట్టలేదు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు రోటిదగ్గఱ కుదిర్చిరి. ఒక్కపూటలోనే అన్నియు కలియవలెనన్న నియమమును లేదు. దినము మొత్తముమీద కలిసిన చాలును.

ఒకే పప్పు విసుగు పుట్టింపకుండుటకు పండుగలు తోడ్పడినవి. శ్రీరామనవమికి నానబెట్టిన పెసరపప్పు వడపప్పగును. శ్రావణమున పేరంటాండ్రకు వాయనము నానిన సెనగలు. వినాయకచవితికి సెనగపప్పు చేర్చిన కుడుములు. అట్లతద్దికి మినపట్లు. నాగులచవితికి నువ్వుల చిమ్మిలి. ధనుర్మాసపు వేకువను పెసరపప్పు పొంగలి. రథసప్తమికి చిక్కుడుకాయల రథము. బాలింతకును ఎదుగు పిల్లకును సున్నుండ. ఎడ్లకు ఉడికించిన ఉలవల నీరు మనుష్యులకు ఉలవచారైనది. సంవత్సరము తిరిగివచ్చునప్పటికి దాదాపు ప్రతి గింజయు కంచమునకు వచ్చితీరును.

పొలమునందును ఈ పొత్తే. 1960 దశాబ్దమున, నా బాల్యమున, మా తండ్రిగారి మెట్టచేలో జొన్నసాళ్ల నడుమ కంది యుండెడిది. పెసర, అలసంద, అనుము అక్కడక్కడ కలిపి చల్లెడివారు. పెసర రెండుమాసములు దాటగానే యింటికి వచ్చును, వెనుక అలసంద, పిమ్మట జొన్న, సంక్రాంతి వేళకు కంది. ఒకదానికి వాన చాలకున్నను మఱియొకటి నిలుచును. పప్పుజాతి మొక్కల వేళ్లకుండు బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలలో నిలుపును గనుక చేనికి ఎరువు ఖర్చును తగ్గును. మా నాయనమ్మ కందులకు ఎఱ్ఱమన్ను పట్టించి ఎండబెట్టి తిరగలిలో విసరెడిది. పెసలకు ఆముదము రాచి కుండలకెత్తెడిది. ఆ కుండల వరుసయే మా యింటి ధనాగారము.

ఆ కాలమంతయు బంగారమని చెప్పుట నా యుద్దేశము గాదు. నందననామ సంవత్సరమున, అనగా 1832–33లో, వచ్చిన డొక్కలకరవు గుంటూరు సీమను నాశనము చేసినది. ఆనాటి లెక్కలను బట్టి సీమ జనములో సుమారు మూడవవంతు మరణించిరి. వాన పూర్తిగా మొగము చాటువేసినప్పుడు ఎన్నివిధముల గింజలు చల్లినను ప్రయోజనము లేదు. అందుచేతనే 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైనప్పుడు డెల్టావాసులు ప్రాణములు లేచివచ్చినట్లు సంతోషించిరి. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ నీరు గుంటూరు, ప్రకాశము జిల్లాల మెట్టలను తడిపినది. 1983లో కిలో రెండురూపాయల బియ్యము వచ్చి పేదయింటి పొయ్యిని ఆరిపోకుండ నిలిపినది. ఇవి మేలులు. మఱచువాడు కృతఘ్నుడు.

కాని ప్రతి మేలునకు నీడ యుండును. నీరు వచ్చినచోట వరి వచ్చినది. రానిచోట ప్రత్తి, మిరప విస్తరించినవి. అవి డబ్బు తెచ్చు పంటలు. కంచమునకు పనికివచ్చు మాంసకృత్తును ఇచ్చునవి గావు. జొన్న, కొఱ్ఱ, వరిగ వెనుకకు పోయినవి. వానితోడనే సాళ్లలోని కందియు, అనుమును, అలసందయు పోయినవి. చౌకబియ్యము వచ్చుటతో కూలివారి యింట జొన్నసంకటి నిలిచినది. పూర్వము పొలమునుండి ఉచితముగా వచ్చిన పప్పు ఇప్పుడు అంగడిలో వెలపోసి కొనవలెను. ధర పెరిగిన నెలలో పప్పులో నీళ్లు పెరుగును. ఆకలి తీరినది, కండ తగ్గినది. నేను చెప్పదలచిన నష్టమిదియే.

ఈ నష్టమును మొదట కొలిచి చూపిన పరిశోధనలు మన దక్షిణదేశముననే జరిగినవి. 1918లో కూనూరున మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చి విచారణ ప్రారంభించెను. ఆయన ఎలుకలకు దేశమునందలి పలుప్రాంతముల భోజనములు పెట్టి చూడగా, గోధుమరొట్టె, పప్పు, పాలు, ఆకుకూరలు తినినవి బలిసినవి. తెల్లబియ్యమే ముఖ్యముగా తినినవి కృశించినవి. ఆ సంస్థయే 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహారసంస్థయని ప్రసిద్ధి చెందినది. వారి పట్టికల ననుసరించి నూఱుగ్రాములకు కంది, ఉలవలలో సుమారు 22 గ్రాములు, సెనగపప్పులో 21, మినపపప్పు, పెసరపప్పు, అలసందలలో 24, వేరుసెనగలో 25, నువ్వులలో 18, కొఱ్ఱలలో 12, మునగాకులో 6కు పైగా, గేదెపాలలో 4 గ్రాముల మాంసకృత్తు కలదు. చైనావారి గింజయైన సోయాచిక్కుడులో 43 గ్రాములు. దాని పిండితో చేసిన మీల్‌మేకరు ఇప్పుడు మన పల్లెల అంగళ్లలోను దొరకుచున్నది.

ఇక యింటి లెక్క చూతము. దేహపు బరువు కిలో ఒకటికి దినమునకు 0.83 గ్రాము కావలెనని 2020లో నిర్ణయించిరి. అరువది కిలోల మనుష్యునకు 50 గ్రాములు. మూడువందల గ్రాముల బియ్యము వండుకొని గోంగూరపచ్చడితోను పలుచని మజ్జిగతోను ముగించినచో ఇరువదికంటె ఎక్కువ రాదు. అనగా కడుపు నిండినది. అవసరములో సగమైనను తీరలేదు. అదే బియ్యమునకు అరువది గ్రాముల పప్పు, మూడువందల గ్రాముల గేదెపాలు లేక ఆ పాలతో తోడుపెట్టిన పెరుగు, ఇరువది గ్రాముల వేరుసెనగపచ్చడి చేర్చినచో 20కి 13, మఱి 13, ఆపైన 5 కలిసి 51 అగును. పాలు లేనివారు సగము బియ్యము మాని జొన్న తినినచో అందులోనే ఐదు గ్రాములు పెరుగును; దానికి గుప్పెడు నానిన సెనగలు, ఒక నువ్వులుండ, మునగాకు పప్పు తోడైనచో లోటు చాలవఱకు పూడును.

ఈ లెక్క ముఖ్యముగా మన వయసువారికి వర్తించును. పండ్లు ఊడిపోయినవని, పప్పు వాతమని, రాత్రిపూట ఫలహారము చాలునని, వృద్ధులు కొద్దికొద్దిగా తగ్గించుకొందురు. ఒంటరియైన ముసలమ్మ తనయొక్కదానికి పప్పెందుకని పచ్చడిమెతుకులతో సరిపెట్టుకొనును. తరువాత మంచముమీదినుండి లేవలేకపోయినచో వయసు మీఱినదందుము. అందులో కొంతపాలు వయసుది గాదు, కంచముది. అరుగనివారు పెసలు మొలకెత్తించి ఉడికించుకొనవచ్చును. మినపపిండి పులియబెట్టి ఇడ్డెనలుగా తినవచ్చును. మూత్రపిండముల జబ్బున్నవారు మాత్రము వైద్యు నడిగి తినవలెను.

పప్పుధాన్యములు మన జిల్లాలలో పూర్తిగా అంతరింపలేదు. కృష్ణాడెల్టాలో వరికోతకు కొలది దినములు ముందుగా చేలో మినుములు చల్లుట మన రైతుల పద్ధతి. దున్నకయే, నీరు పెట్టకయే, మంచుపదునుతో ఆ పైరు పండును. గుంటూరు దగ్గఱ లాం పరిశోధనాస్థానమువారు బూడిదతెగులును తట్టుకొను ఎల్.బి.జి. 17 అను మినుము రకము నిచ్చిన పిమ్మట, 1980 దశాబ్దమునుండి ఈ సాగు బలపడినది. ఇటీవల పల్లాకుతెగులు బాధచేత కొందఱు మినుము మాని మొక్కజొన్న వేయుచున్నారు. ప్రకాశము జిల్లా నల్లరేగడులలో 1999లో విడుదలయైన జె.జి. 11 వంటి సెనగరకములు పొగాకు, ప్రత్తి చేలలోనికి ప్రవేశించినవి. ధర పడిపోయి సెనగలు శీతలగిడ్డంగులలో మగ్గిన యేండ్లును కలవు. మఱియొక వైపు మన దేశము బర్మానుండి మినుములను, ఆఫ్రికాలోని మొజాంబికునుండి కందులను ఓడలమీద తెచ్చుకొనుచున్నది. మన తూర్పుకొండల ప్రక్క పుట్టి సముద్రము దాటిన కంది, మరల సముద్రము దాటి మన కంచమునకు వచ్చుచున్నది!

గ్రామవృద్ధులు చేయదగిన పనులు కొన్ని కలవు. ప్రత్తిసాళ్ల నడుమ కందిసాలు వేయుట మన పొలములు మఱవని పద్ధతి, మానినవారికి గుర్తుచేయుడు. చేని గట్లు, కల్లము చుట్టు, పెరటి దడి ఖాళీగా నుండనీయక కంది, చిక్కుడు, మునగ పెట్టించుడు. కౌలురైతు భూస్వామి మాట వినును గనుక ఎకరమున నాలుగు సాళ్లు ఇంటిపప్పునకు విడుమని చెప్పుడు. అనుము, పచ్చజొన్న, వరిగ విత్తనము ఏ ముసలమ్మ కుండలోనైన మిగిలియున్నచో అది తినకముందే పదిమందికి పంచుడు. విత్తనము పోయినచో పేరు మాత్రమే మిగులును. మీ యింట వంట చేయువారిని దినమున కొక్కొక్క పప్పు మార్చుమని కోరుడు.

నవధాన్యముల పొట్లము ఈ యేడును పురోహితుడు మీచేత తెప్పించును. పూజయైన తరువాత దానిని మూలకు పెట్టక, విప్పి పిల్లలకు చూపుడు. ఒక్కొక్క గింజ పేరు చెప్పించుడు. ఏది చేలో కలదో, ఏది అంగడిలో మాత్రమే కలదో, ఏది రెండుచోట్లను లేదో వారినే లెక్కింపనిండు. ఆ మూడవ వరుసలో ఏదైన మిగిలినచో, వచ్చు తొలకరికి దానిని పెరటిలో విత్తించుడు.